మంచు తీసిన సొట్ట

ఆ చలికాలమంతా నా పని టార్చి పట్టుకోవడం.
"అక్కడ కాదురా, ఇక్కడ" అనేది సోల్మా అక్క,
ఇక్కడంటే ఎక్కడో చెప్పకుండా.

రెండు మేకలూ ఓ పిండి బస్తా ఇచ్చి
దంబా తాత దగ్గర కొన్న ప్లానెటా అది.
అక్క కంటే వయసులో పెద్దది.
పదకొండేళ్లు దొడ్డి గోడకి చేరగిలబడి
గోడలో కలిసిపోయింది.
ఈడ్చుకొస్తుంటే సైలెన్సర్లోంచి
ఎలుక గూడు జారిపడింది.
అందులో మా గొర్రెల ఉన్నే.

బయట సున్నాకి ముప్పై అయిదు కింద.
ఇనుము ముట్టుకుంటే చర్మం దానికే ఉండిపోతుంది.
అందుకని ఇంజన్ మా గుడారంలోకి వచ్చేసింది,
పొయ్యికి అవతల, పెద్దలొస్తే కూర్చోబెట్టే చోటికి.
అమ్మ రెండ్రోజులు మాట్లాడలేదు.
పాల టీ కాచే గిన్నెలో అక్క కార్బురేటర్ ఉడకబెట్టాక
మాట్లాడింది.
ఆ మాటలు ఇక్కడ రాయను.

పిస్టన్ రింగులు మాత్రం కొత్తవే కొన్నాం.
"ఊపిరి దగ్గర బేరాలాడకూడదు" అంది అక్క,
తక్కిన అన్నిటి దగ్గరా ఆడింది.
బిస్కెట్ల అట్టపెట్టె కత్తిరించి గాస్కెట్ చేసింది.
నాన్న పాత బూట్ల తోలు, కింద నాలుగు మడతల ఉన్ని గుడ్డ,
అదీ సీటు.
సైలెన్సర్ చిల్లుకి దోసకాయ పచ్చడి డబ్బా రేకు.
హ్యాండిల్ పిడులకి ఒంటె జుట్టు తాడు చుడుతూ చుడుతూ
కూర్చునే నిద్రపోయింది ఓ రాత్రి.
టార్చి ఆర్పాలో వద్దో తెలీక
బ్యాటరీ అయిపోయేదాకా పట్టుకునే ఉన్నాను.

ఇక ట్యాంకు మీద సొట్ట.
అరచేయంత, ఎడమవైపు.
పట్నంలో మెకానిక్ అడిగిన డబ్బుకి
ఇంకో మేక అమ్మాలి.
అక్క ట్యాంకు నిండా నీళ్లు పోసి, మూత బిగించి
రాత్రి ఆరుబయట వదిలేసింది.
"అతుకు పగిలితే?"
"పగిలితే పగిలింది."
తెల్లవారుజామున కుక్క మొరిగింది,
అంతకుముందు ఒక్కసారి, *టప్*.
మంచు లోపల్నుంచి వీపు విరుచుకుని
సొట్టని బయటికి తోసేసింది.
"చలికి కూలి ఇవ్వక్కర్లేదు చూశావా" అంది అక్క.
ఆ పొద్దున ఆమె నవ్వితే
కనురెప్పల మీది మంచు రాలింది.

తలుపుకి వేయగా మిగిలిన నారింజ రంగు వేశాం.
మా గుడారం తలుపే లేచి ప్రయాణం కట్టినట్టుంది.

ఏరు కరిగే నెలలో, నలభై మూడో కిక్కుకి
దగ్గింది, ఉమ్మింది, ఆగింది.
నలభై నాలుగుకి అంటుకుంది.
నూనె పొగ. గుర్రప్పిల్లలు చెల్లాచెదురు.
అమ్మ చెవులు మూసుకుని, చేతుల వెనక నవ్వింది.

ఆ చప్పుడు విని దంబా తాత
గుట్ట అవతల్నుంచి నడిచొచ్చాడు.
ఎవరూ పిలవలేదు.
టోపీ తీసి, ఎక్కి కూర్చుని,
ఎడమ మోకాలితో ట్యాంకు పక్కన వెతికాడు.
ఇంకాస్త వెనక్కి జరిగి
మళ్లీ వెతికాడు.

"ఒంటె తన్నింది ఇక్కడ" అన్నాడు.
"ఇరవై ఏళ్లు నా మోకాలు అందులోనే పెట్టుకుని తిరిగాను."
నున్నటి నారింజ రంగు మీద
మోకాలు జారింది.
"బాగుంది" అన్నాడు, దిగుతూ. "ఎవరిదో."

అక్క ముఖం చూడాలనిపించలేదు నాకు.
ఎలుక గూడు గుర్తొచ్చింది.

అక్క ఏమీ అనలేదు.
ముందుకి జరిగి, వెనక సీటు
చేత్తో రెండుసార్లు తట్టింది.
తన బండి మీద తాత
వెనక కూర్చోవడం అదే మొదటిసారి కాబోలు.
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక
కాసేపు గాల్లో ఉంచి,
చివరికి అక్క నడికట్టు పట్టుకున్నాడు.

బురద చిమ్ముకుంటూ వెళ్లిపోయారు.
నారింజ రంగు చుక్కయ్యేదాకా చూశాను.
మిట్టమధ్యాహ్నం.
చూసుకుంటే నా చేతిలో
టార్చి వెలుగుతూనే ఉంది.